ఉప్పుకొఠారుకు రాజు వచ్చిన రోజు

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా ఒక కోసు ఇవతలగా ఉన్న రోజుల్లో, సిరివాడ రాజ్యాన్ని మహీసేనుడనే రాజు పాలించేవాడు.

ఆ రాజ్యానికి తూర్పు చివర ఒక చవిటి నేల ఉండేది. అక్కడ పైరు పండదు, పశువు మేయదు. పోటు వస్తే నీళ్ళు, పోటు తీస్తే బురద. కొంగలూ పీతలూ తప్ప అక్కడ కాపురముండే ప్రాణి లేదు.

ఒకనాడు సముద్రశ్రేణి పెద్దలు రాజుగారి కొలువుకు వచ్చారు. శ్రేణి అంటే వర్తకులంతా కలిసి కట్టుకున్న పెద్ద సంఘం. వాళ్ళ పడవలు ఏడు రేవుల్లో తిరిగేవి.

"ప్రభూ, ఆ చవిటి నేల మాకు ఇప్పించండి" అన్నారు వాళ్ళు. "కరకట్ట పోసి ఉప్పు పండిస్తాం. రాజ్యంలో ఏ ఇంటా ఉప్పుకు లోటు రానివ్వం. అయితే ఒక్క మనవి. అది సముద్రంతో పని. అడుగడుగునా అధికారులు వచ్చి అడ్డు తగిలితే సాగదు. కాపలా మేమే పెట్టుకుంటాం. తగవులు మేమే తీర్చుకుంటాం."

ఎవరూ లేని నేల. ఎవరికీ పనికిరాని నేల. రాజు సరేనన్నాడు. రాగిరేకు మీద శాసనం చెక్కించి ఇచ్చాడు.

వర్తకులు మాట నిలబెట్టుకున్నారు. సముద్రాన్ని ఆపే కరకట్ట కట్టారు. మళ్ళు చేసి ఉప్పు పండించారు. పనివాళ్ళకు ఇళ్ళు వేశారు, మంచినీళ్ళ బావులు తవ్వారు. చూస్తూ ఉండగానే అక్కడొక ఊరు వెలిసింది. ఉప్పు నిలవచేసే కొట్లు వరసగా ఉండేవి కనుక అందరూ దాన్ని ఉప్పుకొఠారు అని పిలిచేవారు. ఊరి చుట్టూ గోడ, గోడకు ఒకే ఒక గుమ్మం, గుమ్మానికి బెత్తెడు మందాన చేవదేరిన తలుపులు.

అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. మహీసేనుడు కాలం చేశాడు. ఆయన కొడుకు ఉదయసేనుడు గద్దె ఎక్కాడు.

ఇప్పుడు ఆదెమ్మ సంగతి చెబుతాను, వినండి.

ఉప్పుకొఠారుకు ఒక పూట నడక దూరంలో ఏటి ఒడ్డున ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో ఆదెమ్మ తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు అల్లేది. మగడు ఏనాడో పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, గవరమ్మ. దాన్ని ఉప్పుకొఠారులో పనిచేసే జోగన్నకు ఇచ్చి పెళ్ళి చేసింది. అల్లుడు మంచివాడు. అత్త కనిపిస్తే చేతిలో పార కింద పెట్టి గానీ మాట్లాడడు.

ఆదెమ్మకు అల్లుడితో పేచీ లేదు. ఆ తలుపులతోనే వచ్చింది.

ఉప్పు పండేది ఎండాకాలంలో. మాఘమాసంలో మళ్ళకు నీళ్ళు పెడితే తొలకరి పడేదాకా పని. ఆ కాలమంతా శ్రేణివాళ్ళు తలుపులు బిగించేవారు. బయటివాళ్ళు వస్తే ఉప్పు పోతుందని రానిచ్చేవారు కాదు. లోపలివాళ్ళు వెళితే పని ఆగుతుందని పోనిచ్చేవారు కాదు. ఉప్పు తీసుకుపోయే బళ్ళకు మాత్రం తలుపు ఓరగా తెరిచేవారు.

పోయిన ఎండాకాలం గవరమ్మకు మొదటి కాన్పు వచ్చింది. లోపల మంత్రసాని లేదు. పక్కింటి ఆడవాళ్ళు తెలిసినంత చేశారు. బిడ్డ దక్కలేదు. ఆ కబురు ఆదెమ్మకు తొలకరి పడ్డాక తెలిసింది. అప్పటికి ఆ పసిబిడ్డను పాతిపెట్టిన చోట గడ్డి కూడా మొలిచింది.

ఈ ఏడు మళ్ళీ గవరమ్మ కడుపుతో ఉంది. మళ్ళీ ఎండాకాలమే. బండివాళ్ళ నోట ఆ మాట విన్న రోజు ఆదెమ్మ అల్లుతున్న చాపను సగంలో వదిలేసి లేచింది.

"ఈసారి నా బిడ్డ నా ఇంట్లోనే నీళ్ళాడుతుంది" అనుకుంది.

చైత్రమాసంలో ఒక పొద్దున్నే బయలుదేరి ఉప్పుకొఠారు గుమ్మం ముందుకు వచ్చింది. తలుపు దగ్గర సోమన్న అనే కాపలావాడు ఉన్నాడు.

"నాయనా, మా అమ్మాయికి ఎనిమిదో నెల. పురిటికి తీసుకుపోదామని వచ్చాను. తలుపు తియ్యి" అంది.

"తొలకరి పడనీ అమ్మా, నేనే బండెక్కించి పంపుతాను" అన్నాడు సోమన్న.

"తొలకరి దాకా కడుపులో బిడ్డ ఆగుతుందా నాయనా?"

సోమన్న తల దించుకున్నాడు. అతనికీ ఆడపిల్లలున్నారు. కానీ తాళంచెవి అతని దగ్గర లేదు. చేయగలిగిందొకటే చేశాడు. తలుపు మీదుగా లోపలికి కేకవేసి గవరమ్మను పిలిపించాడు.

తలుపు చెక్కల మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత సందు ఉంది. అందులోంచి గవరమ్మ వేళ్ళు బయటికి వచ్చాయి. ఆదెమ్మ వాటిని పట్టుకుంది. ఉప్పు గీకి గీకి ఆ వేళ్ళు చీలికలై ఉన్నాయి.

"అమ్మా, బాగున్నావా?"

"నాకేం తల్లీ. నువ్వు తింటున్నావా?"

"తింటున్నాను. అమ్మా, ఈసారి కదులుతున్నాడే. రోజూ కదులుతున్నాడు."

"కదలనీ, కదలనీ. నేనొచ్చి తీసుకుపోతాగా."

"ఎలా తీసుకుపోతావమ్మా?"

"ఎలాగోలా" అంది ఆదెమ్మ. ఎలాగో ఆమెకూ తెలియదు. కూతురి వేళ్ళకు తన కొంగు చుట్టి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

రెండో మారు ఆదెమ్మ శ్రేణి పెద్దల దగ్గరికే వెళ్ళింది. గుమ్మం బయట చావడిలో వాళ్ళు వారానికొకసారి కొలువు తీరేవారు. అందరికన్నా పెద్ద మాణిక్యశ్రేష్ఠి. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. ఆ చవిటి నేలలో మొదటి తట్ట మట్టి మోసినవాడు ఆయనే. ఊళ్ళోవాళ్ళకు ఆయనంటే భయమూ ఉంది, ప్రేమా ఉంది.

ఆయన ఆదెమ్మ చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, నీ బాధ నాకు తెలుసు" అన్నాడు. "కానీ ఒకరిని పంపితే పదిమంది అడుగుతారు. పదిమంది వెళితే మళ్ళు ఎండిపోతాయి. పోటు వేళ కరకట్టకు గండి పడితే పూడ్చే చేతులుండవు. మూడు వేల పొయ్యిలు చల్లారిపోతాయి. నీ ఒక్క కూతురి కోసం ఊరినంతటినీ ఎలా వదలమంటావు?"

"అయితే నన్ను లోపలికి రానివ్వండి బాబూ. మూలన పడుంటాను."

"అదీ నియమం కాదమ్మా. నీ కూతురికి సన్నబియ్యం, నెయ్యి, బెల్లం పంపిస్తాను. ఏ లోటూ రానివ్వను."

"నేను బియ్యం అడగడానికి రాలేదు బాబూ."

శ్రేష్ఠి పక్కనున్న మరో పెద్ద అందుకున్నాడు. "ఇక్కడి తీర్పు ఇదే. దీనిమీద ఇంకో తీర్పు లేదు. రాజుగారు వచ్చినా ఈ గుమ్మం బయటే ఆగాలి."

ఆదెమ్మ చావడి మెట్లు దిగింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆ ఆఖరి మాటే చెవిలో ఉండిపోయింది. అయితే రాజు అనేవాడు ఒకడున్నాడన్నమాట. పల్లెలో పుట్టి పల్లెలో పెరిగిన ఆదెమ్మ, ఆ క్షణం దాకా రాజును ఒక మనిషిగా ఎప్పుడూ తలచుకోలేదు.

మూడు రోజులు నడిచి సిరివాడ చేరింది. కొలువులో తన వంతు రాగానే రాజు ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పోయిన బిడ్డ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి ఆగింది.

ఉదయసేనుడు చిన్నవాడు. పట్టాభిషేకమై రెండేళ్ళే అయింది. ఉప్పుకొఠారు ఉప్పు రోజూ తింటున్నాడు గానీ, ఆ గోడ లోపలి మాట ఒక్కటీ అతని దాకా రాలేదు. అతని మొహం ఎర్రబడింది.

"మంత్రిగారూ, ఇప్పుడే భటులను పంపి ఆ తలుపులు పగలగొట్టించండి!"

ముసలి మంత్రి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, అది మీ తండ్రిగారి మాట. శాసనం ప్రతి మన దగ్గర ఉంది. ఒకసారి విని ఆజ్ఞ ఇవ్వండి."

శాసనం తెచ్చారు. మంత్రి చదివాడు.

"చవిటి నేలను, అందులోని నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణం, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిది భోగాలతో సముద్రశ్రేణికి ఇచ్చాము. రాజభటులు అందులో అడుగు పెట్టరాదు. లోపలి కాపలా, లోపలి తీర్పు శ్రేణివే. ఇచ్చినదాన్ని తిరిగి లాక్కున్న రాజు అరవై వేల ఏళ్ళు పురుగై పుట్టుగాక."

ఉదయసేనుడి కోపం దిగిపోయింది. దాని చోట బెంగ వచ్చి కూర్చుంది. పురుగు జన్మకు అతను భయపడలేదేమో గానీ, తండ్రి చేయి చెక్కించిన అక్షరాన్ని తాను చెరపడానికి అతనికి మనసు రాలేదు. ఆ చేయి పట్టుకునే అతను నడక నేర్చాడు.

"తల్లీ," అన్నాడు, "నా నోట మాట రావడం లేదు. అది మా నాన్నగారి మాట."

ఆదెమ్మకు చదువు రాదు. అయినా శ్రద్ధగా విన్నది. "బాబూ, ఆ చివర పురుగు జన్మ అన్నారే, అది ఎవరికో ఒకరికి రావాల్సిందేనా?"

"అలాగే రాసి ఉంది."

"అయితే దాన్ని నా పేర రాయించండి. నేను పడతాను. నా బిడ్డ కోసమే కదా మీరు తలుపు తీయిస్తున్నది. మీరెందుకు బాబూ పురుగై పుట్టడం? చిన్నవారు."

ఆమె ఆ మాట నిజంగానే అంది. చేయి చాచి, ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో అన్నట్టు మంత్రి చేతిలోని రేకు వైపు చూసింది. ఉదయసేనుడు గద్దె మీంచి లేచి నిలబడ్డాడు. అతని కళ్ళు తడిశాయి.

"ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి" అంది ఆదెమ్మ. "ఆ ఎనిమిదీ ఏమేమిటో నాకు తెలిసేలా చెప్తారా?"

మంత్రి మెట్టు దిగి వచ్చి చెప్పాడు. "నిధి అంటే నేలలో దొరికే సొమ్ము. నిక్షేపం అంటే దాచి ఉంచిన సొమ్ము. జలం, నీళ్ళు. పాషాణం, రాళ్ళు. అక్షీణం అంటే ఎప్పటికీ తరగని ఫలం. ఆగామి, ముందు ముందు రాబోయేది. సిద్ధం, ఇప్పుడు పండుతున్నది. సాధ్యం, పండించుకోగలిగింది."

ఆదెమ్మ ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వేలు ముడిచింది. ఎనిమిది వేళ్ళు ముడుచుకున్నాయి. రెండు మిగిలాయి.

"అంతేనా అయ్యా?"

"అంతే."

"మరి వీటిలో మా గవరమ్మ ఏది?"

మంత్రి రేకును మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు.

ఉదయసేనుడు అడిగాడు. "మంత్రిగారూ, ఈ శాసనం ఇచ్చిన నాడు మీరు ఉన్నారు కదా. ఆ నేల మీద ఎన్ని ఇళ్ళుండేవి?"

"ఒక్కటీ లేదు ప్రభూ. కొంగలు, పీతలు."

"అయితే మా నాన్నగారు నేలను ఇచ్చారు. నీళ్ళు ఇచ్చారు. రాళ్ళు ఇచ్చారు. మనుషులను ఇవ్వలేదు. లేని మనుషులను ఎవరు మాత్రం ఎలా ఇవ్వగలరు? ఆ తీర్పు, ఆ కాపలా పీతల మీద ఇచ్చినవి. ఇవాళ అక్కడ మూడు వేల ఇళ్ళున్నాయని నాన్నగారికి తెలిస్తే ఏం చేసేవారో, అదే చేస్తాను. ఉప్పు శ్రేణిదే. మనుషులను ఏలే హక్కును మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పాపమంటూ ఉంటే అది నాదే తల్లీ, నీ పేర రాయను."

భటులను పంపవచ్చు. కానీ తండ్రి ఇచ్చినదాన్ని తీసుకునేటప్పుడు కొడుకే వెళ్ళాలనిపించింది అతనికి. ఆదెమ్మను బండిలో ఎక్కించుకుని తానే బయలుదేరాడు.

వైశాఖమాసం. మిట్టమధ్యాహ్నం. దూరంనుంచి ఉప్పుకుప్పలు కళ్ళు జిగేలుమనేలా మెరుస్తున్నాయి. గుమ్మం దగ్గర సోమన్న రాజును చూసి చేతులు జోడించాడు.

"ప్రభూ, క్షమించండి. రాజులు లోపలికి... మా నియమం..."

"నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు ఉదయసేనుడు. బండి దిగి, కత్తి తీసి బండిలో పెట్టి, ఎండలో నిలబడ్డాడు. "మీ పెద్దలకు కబురు చెప్పు. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

మాణిక్యశ్రేష్ఠి వచ్చాడు. వెనకే పెద్దలంతా వచ్చారు. రాజు ఆజ్ఞ విని శ్రేష్ఠి ఒకడుగు ముందుకు వేశాడు.

"మేము చేసిన తప్పేమిటి ప్రభూ? బురదలో ఊరు కట్టాం. సముద్రాన్ని ఆపాం. మీ తండ్రిగారు మమ్మల్ని నమ్మారు."

"నిజమే. అందుకే ఎనిమిదీ మీకే వదిలేస్తున్నాను. ఈ ఊరు మీరు కట్టకపోతే నేను అడగడానికి కూడా ఏమీ ఉండేది కాదు. కానీ శ్రేష్ఠిగారూ, మీ తీర్పుతో ఒక తల్లికి న్యాయం జరగకపోతే ఆమె ఎక్కడికి పోవాలి?"

శ్రేష్ఠి బండి పక్కన నిలబడిన ఆదెమ్మను అప్పుడు చూశాడు. మూడు రోజుల దారి నడిచిన పాదాలకు ఇంకా గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి.

"ఆ రోజు నీకు బియ్యం పంపిస్తానన్నాను" అన్నాడు నెమ్మదిగా.

"అన్నారు బాబూ. పంపించారు కూడా. బండివాళ్ళు చెప్పారు."

"నువ్వు అడిగింది అది కాదు." ఆయన కాసేపు ఉప్పుకుప్పల వైపు చూశాడు. "ఈ నేలమీద నేను వచ్చిన మొదటి ఏడు తలుపూ లేదు, గోడా లేదు. రాత్రికి అందరం ఒకే కుండలో వండుకుని తినేవాళ్ళం. ఎప్పుడు మారిపోయానో నాకే తెలియలేదు."

తలుపు గడియ ఇద్దరు వస్తాదులు ఎత్తే బరువు. ముసలివాడు దానికి తానే భుజం పెట్టాడు. సోమన్న పరుగెత్తి వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాడు. తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి జోగన్న పరుగున వచ్చాడు. ఒళ్ళంతా ఉప్పు. "అత్తా! గవరికి నొప్పులు మొదలయ్యాయి!"

ఆదెమ్మ రాజును చూడలేదు, శ్రేష్ఠిని చూడలేదు. పరుగెత్తింది. రాజుగారి బండి వెనక్కి తిరిగి ఆదెమ్మ పల్లెకు వెళ్ళి మంత్రసానిని ఎక్కించుకు వచ్చింది. వీధి వీధంతా ఆ గుడిసె ముందు నిలబడింది. వాళ్ళలో ఒక్కరూ ఆ పూట మళ్ళలోకి దిగలేదు. ఎవరూ వాళ్ళను దిగమనలేదు.

పొద్దు వాలే వేళకు లోపలినుంచి ఏడుపు వినిపించింది. సన్నగా, గట్టిగా, ఆగకుండా. ఆడపిల్ల.

ఆదెమ్మ బయటికి వచ్చి గుమ్మంలో చతికిలబడింది. అన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. జోగన్న పక్కన కూర్చుని ఏం చెయ్యాలో తెలియక అత్త చేయి పట్టుకున్నాడు.

తరువాతి సంగతులు అంత సులువుగా జరగలేదు. రాజు పంపిన మొదటి అధికారికి ఆటుకూ పోటుకూ తేడా తెలియదు. తూము తీయవలసినప్పుడు మూసి, నాలుగు మళ్ళు ముంచాడు. మాణిక్యశ్రేష్ఠి అలిగి ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. చేతికర్ర పట్టుకుని వచ్చి ఆ అధికారికి సముద్రం సంగతి నేర్పాడు. ఊళ్ళోవాళ్ళు తమలో అయిదుగురిని ఎంచుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. ఏ తగవైనా ముందు వాళ్ళు వినేవారు. వాళ్ళ మాట నచ్చకపోతే రాజుగారి దాకా వెళ్ళవచ్చు. నెలలు నిండిన ఆడవాళ్ళు ఏ కాలంలోనైనా పుట్టింటికి పోవచ్చు. వాళ్ళ పని మిగతావాళ్ళు పంచుకునేవారు. కరకట్టకు గండి పడలేదు.

ఆ ఏడు ఉప్పు కొంచెం తక్కువే పండింది. రాజుగారింట్లో కూడా పప్పు చప్పగా ఉందని అనుకున్నారట. ఉదయసేనుడు మాత్రం ఏమీ అనకుండా తిన్నాడట.

అంతకు ముందే, పురుడు గడిచిన పదకొండో రోజున గవరమ్మ బిడ్డను ఎత్తుకుని, తల్లి వెంట పుట్టింటికి బయలుదేరింది. గుమ్మం దాటి నాలుగడుగులు వేసి ఆగింది. పెళ్ళయ్యాక ఎండాకాలంలో ఆ దారిని ఆమె ఎన్నడూ చూడలేదు. దారి పొడవునా ఏటి ఒడ్డున తుంగ పసుపుపచ్చగా పూసి ఉంది.

"ఇంకా ఇంతే పూస్తోందా అమ్మా?" అంది.

"ఏటా పూస్తుంది తల్లీ. పద, ఎండెక్కుతోంది" అంది ఆదెమ్మ, బిడ్డ మొహానికి కొంగు అడ్డం పెడుతూ.

పిల్లలూ, ఎంత గొప్పవారికైనా, ఎంత మేలు చేసినవారికైనా ఎన్ని హక్కులైనా ఇవ్వవచ్చు గానీ, కష్టంలో ఉన్న మనిషి మొర పెట్టుకునే దారిని మూసే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.